సైలెన్సర్ విప్పి చూడండి

పాత చైన్‌సా కొనేవాళ్లు బయటి రంగు చూస్తారు, మోత వింటారు. ఆ రెండింటినీ నమ్మడానికి లేదు. ఇంజన్‌లో ఇంకా ఎంత సత్తువ మిగిలిందో తెలియాలంటే రెండు మూడు స్క్రూలు విప్పాలి.

పాత మిషన్ బేరం ఎక్కడైనా దాదాపు ఒకే తీరుగా సాగుతుంది. కొనేవాడు మిషన్ ఎత్తి బరువు చూస్తాడు. బార్ ఎన్ని అంగుళాలని అడుగుతాడు. అమ్మేవాడు తాడు ఒక్క లాగు లాగుతాడు. మోత మోగుతుంది, పక్కనున్న దుంగలో చైన్ దిగుతుంది. ‘‘రెండు సీజన్లే ఆడిందండీ, తర్వాత ఇంట్లోనే పడుంది’’ అన్న మాట కూడా తప్పక వినిపిస్తుంది. డబ్బు చేతులు మారుతుంది. నెల తిరక్కుండానే అదే మిషన్ పొద్దున స్టార్ట్ అవుతుంది, టీ తాగొచ్చి లాగితే మాత్రం పలకదు. లాగీ లాగీ భుజం పోతుంది.

గొడ్డలి, రెండు చేతుల రంపం మన పల్లెల్లో పక్కకు తప్పుకొని చాలాకాలమైంది. ప్రకాశం, నెల్లూరు తీరంలో సరుగుడు, ఖమ్మం వైపు జామాయిల్, కృష్ణా మెట్టల్లో సుబాబుల్ అన్నీ ఇప్పుడు ఈ మిషన్ కిందే పడుతున్నాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసినప్పుడు, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని కూల్చినప్పుడు రోడ్ల మీద పడ్డ మానుల్ని తొలగించిందీ ఇదే. పేరున్న కంపెనీ కొత్త మిషన్ చిన్న రైతుకూ, కొత్తగా ముఠా కట్టుకున్న మేస్త్రీకీ భారమే. అందుకే కలప అడితుల దగ్గర, అద్దెకిచ్చే షాపుల్లో, రిపేరు కొట్ల ముందు సెకండ్ హ్యాండ్ వ్యాపారం నడుస్తోంది. బైకు కొనేటప్పుడు వెంట మెకానిక్‌ను తీసుకెళ్లే మనం ఈ మిషన్ దగ్గర మాత్రం మోత విని మురిసిపోతున్నాం.

గంటకు ఏడు లక్షల ఎనభై వేల సార్లు

లోపల ఉన్నది టూ స్ట్రోక్ ఇంజన్. ఆర్ఎక్స్ 100, లూనా, పాత చేతక్ నడిపినవాళ్లకు దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. వాల్వులుండవు, అడుగున ఆయిల్ నిల్వ ఉండదు. పెట్రోలులో కలిపిన ఆయిలే పిస్టన్‌కూ బేరింగులకూ దిక్కు. 50కి 1 పాళ్లంటే లీటరు పెట్రోలుకు 20 మి.లీ. ఆ 20 మి.లీ. మరిచిపోతే ఇంజన్ ప్రాణం పోవడానికి కొద్ది నిమిషాలు చాలు.

బైకుకూ దీనికీ తేడా వేగంలో ఉంది. బైకును ఎవరూ రోజంతా ఫుల్ రేజింగ్‌లో నడపరు. చైన్‌సాకు రెండే స్థితులు, స్లోలో ఉండటం లేదా పూర్తి రేజింగ్‌లో కోయడం. పూర్తి రేజింగ్‌లో నిమిషానికి 13 వేల చుట్ల దాకా తిరిగే మిషన్లున్నాయి. ఆ లెక్కన పిస్టన్ గంటలో ఏడు లక్షల ఎనభై వేల సార్లు పైకి వెళ్లి కిందికి వస్తుంది. మన దగ్గర బాగా కనిపించే 45 సీసీ తరగతి మిషన్‌లో పిస్టన్ ఒక్కో విడత కదిలేది సుమారు 32 మి.మీ. అంటే సగటున సెకనుకు దాదాపు 14 మీటర్ల వేగంతో సిలిండర్ గోడను రాసుకుంటూ పరుగెడుతుంది. గోడకూ పిస్టన్‌కూ మధ్య ఉండేది పలచటి ఆయిల్ పొర ఒక్కటే.

బైకు మెకానిక్కుల సలహా ఇక్కడ తప్పుదారి పట్టించే అవకాశం ఉంది. ఆర్ఎక్స్ బోరు అరిగితే లేత్‌కు తీసుకెళ్లి బోరు కొట్టించి, ఓవర్‌సైజ్ పిస్టన్ వేసేవాళ్లు. అది ఇనుప బోరు కాబట్టి సాధ్యమైంది. మంచి చైన్‌సా సిలిండర్ అల్యూమినియంది. లోపలి గోడ మీద క్రోమ్ పూతో, నికాసిల్ పూతో ఉంటుంది. జర్మనీకి చెందిన మాలె కంపెనీ 1967లో తెచ్చిన నికెల్-సిలికాన్ కార్బైడ్ పూత ఈ నికాసిల్. చాలా గట్టిది, కానీ చాలా పలచన. దాన్ని బోరు కొట్టిస్తే పూతే పోతుంది. పూత లేచిపోయిన సిలిండర్‌ను మార్చాల్సిందే. ‘‘ఏముంది, బోరు చేయిస్తే కొత్తదైపోతుంది’’ అని అమ్మేవాడు అన్నాడంటే అతనికి తెలియకపోవచ్చు, తెలిసే అంటూ ఉండొచ్చు. రెండిట్లో ఏదైనా మీకు మంచిది కాదు.

బయట ఏం చూడాలి

రంగు చూడొద్దు. కిరసనాయిలుతో కడిగి స్ప్రే కొడితే ఏ మిషనైనా మెరుస్తుంది. చైన్ కూడా చూడొద్దు, అమ్మే ముందు కొత్తది వేయడం మామూలే. పక్క మూత విప్పి చైన్‌ను తిప్పే పళ్ల చక్రం చూడండి. చైన్ తొక్కిన గాడి దాని మీద అర మిల్లీమీటరు లోతు దాటితే ఆ చక్రం మార్చాలని తయారీదార్లే చెబుతారు. ‘రెండు సీజన్లు’ ఆడిన మిషన్‌లో అది లోతుగా తినేసి ఉంటే ఆ సీజన్లు ఎంత పొడవైనవో ఊహించుకోవచ్చు. బార్ అంచులు ఒకపక్కకు వాలిపోవడం, వెనక పిడి మీద గరుకంతా పోయి నున్నబడటం కూడా ఎక్కువ పని చేసిన గుర్తులే.

తర్వాత ఎయిర్ ఫిల్టర్ మూత తీయండి. ఫిల్టర్ మురికిగా ఉంటే కంగారు అక్కర్లేదు, పని చేసిన మిషన్‌కు అది సహజం. ఫిల్టర్ తీశాక దాని వెనక, కార్బొరేటర్ నోటి దగ్గర వేలుపెట్టి రుద్దండి. అక్కడ సన్నని పొట్టో ఇసుకో తగిలితే ఫిల్టర్ చిరిగిందనో, సరిగా కూర్చోలేదనో అర్థం. తీరప్రాంతం సరుగుడు తోటల్లో పనిచేసిన మిషన్లకు ఈ జబ్బు ఎక్కువ. ఆయిల్‌తో కలిసిన ఇసుక సిలిండర్‌లో సానపట్టే పేస్టులా పనిచేస్తుంది.

మొద్దుబారిన చైన్ కూడా ఇంజన్‌ను తినేస్తుందన్న సంగతి చాలామంది పట్టించుకోరు. పదునున్న చైన్ పేళ్లు పేళ్లుగా చిమ్ముతుంది. మొద్దుబారినది పిండిలాంటి పొట్టు రాలుస్తుంది. ఆ పొట్టు ఫిల్టర్‌ను మూసేస్తుంది, మిషన్‌ను అదిమిపట్టి కోయాల్సొస్తుంది, ఇంజన్ వేడెక్కుతుంది. ఆకురాయి పట్టడానికి బద్ధకించే ఓనరు దగ్గర పిస్టన్ ఎక్కువ కాలం నిలవదు. అమ్మేవాడి సామాన్లలో ఆకురాయి ఉందో లేదో ఓ కన్నేసి ఉంచండి.

తాడు చెప్పే సంగతి

స్టార్ట్ చేయకముందే తాడు నెమ్మదిగా లాగితే ఒకచోట చేతికి గట్టిగా అడ్డుపడాలి, అది దాటాక వదలాలి. మళ్లీ అడ్డుపడాలి. నీళ్ల బావి చేదలా సాఫీగా వచ్చేస్తుంటే కంప్రెషన్ పోయినట్టే. మెకానిక్కులు చేసే ఇంకో పని ఉంది. స్విచ్ ఆపి, తాడు పిడి పట్టుకుని మిషన్‌ను గాల్లో వేలాడదీస్తారు. బాగున్న ఇంజన్ తన బరువుకు ఆగి ఆగి మెట్లు దిగినట్టు దిగుతుంది. జర్రున జారిపోతే రింగులు పట్టడం లేదు. పెద్ద మిషన్లకు తాడు తేలిగ్గా రావడానికి డీకంప్రెషన్ బటన్ ఉంటుంది, అది నొక్కి ఉంటే ఈ పరీక్ష పనికిరాదు. స్ప్రింగు సాయంతో తాడు లాగే మోడళ్లలోనూ దీన్ని నమ్మొద్దు.

అంకె కావాలంటే కంప్రెషన్ గేజ్ పెట్టాలి. ప్లగ్ తీసి, అక్కడ గేజ్ బిగించి, స్విచ్ ఆపి, చౌక్ తెరిచి, ఎక్సలరేటర్ పూర్తిగా నొక్కిపట్టి, ముల్లు ఇక పైకి పోనంతవరకు తాడు లాగాలి. రిపేరు చేసేవాళ్ల మోటు లెక్కలో 150 పీఎస్ఐ, ఆపైన ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. 120 దగ్గర అయితే వయసు మీదపడినట్టు. 90కి దిగితే అది స్టార్ట్ కావడమే గొప్ప. మోడల్‌ను బట్టి ఇవి అటూ ఇటూ అవుతాయి.

గేజ్ కూడా మోసపోతుంది. కార్లకు వాడే గేజ్‌లలో గాలిని ఆపే వాల్వు పైన డయల్ దగ్గర ఉంటే, ఆ గొట్టంలోని ఖాళీ కూడా సిలిండర్ ఖాళీలో కలిసిపోతుంది. చిన్న ఇంజన్‌కు ఆ కాస్త ఖాళీయే ఎక్కువ. బాగున్న మిషన్ కూడా తక్కువ చూపిస్తుంది. వాల్వు ప్లగ్ రంధ్రం దగ్గరే ఉన్న గేజ్ వాడాలి. దీనికి తిరగేసిన మోసం కూడా ఉంది. ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోస్తే అరిగిన రింగుల సందు కాసేపు మూసుకుపోయి ముల్లు పైకి లేస్తుంది. అందుకే ప్లగ్ తీసినప్పుడు ఆయిల్ ఓడుతుంటే కాసేపు ఆగి, తుడిచి, మళ్లీ చూడండి. ఇదే కిటుకును మీరూ వాడుకోవచ్చు. తక్కువ చూపించిన ఇంజన్‌లో నాలుగు చుక్కలు ఆయిల్ వేస్తే అంకె బాగా పెరిగిందా, తప్పు రింగుల్లోనో గోడలోనో ఉంది.

తీసిన ప్లగ్‌ను అక్కడ పడేయకుండా వెలుతురులో తిప్పి చూడండి. ఇటుకరంగు కలిసిన గోధుమరంగులో ఉంటే మంచిదే. తెల్లగా కాలి ఉంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అందుతోంది. కొన మీద మెరిసే చిన్న చుక్కలు అంటుకుని ఉంటే అది అల్యూమినియం, పిస్టన్ కరిగి చిందిన గుర్తు. ఆ మిషన్‌ను అక్కడే దించేయండి.

అసలు కిటికీ

సైలెన్సర్ వెనక పొగ బయటికొచ్చే ద్వారం ఉంది. టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఇది పిస్టన్ మీదికి నేరుగా తెరుచుకుంటుంది. ఇంజన్ చల్లారాక రెండు మూడు స్క్రూలో నట్లో విప్పితే సైలెన్సర్ ఊడొస్తుంది. స్టిల్ కంపెనీ మిషన్లకు ఎక్కువగా నక్షత్రం ఆకారపు టీ-27 కీ, హస్క్‌వర్నా కంపెనీవాటిలో చాలావాటికి ఆలెన్ కీలు కావాలి. జేబులో పట్టే సామాను అది. ప్లగ్ తీసేసి, టార్చి వేసి, తాడును నెమ్మదిగా లాగుతుంటే పిస్టన్ మీ కళ్లముందే పైకీ కిందికీ తిరుగుతుంది.

ముందుగా చూడాల్సింది పిస్టన్ పక్క గోడ. కొత్త పిస్టన్ మీద మిషనింగ్ చేసిన సన్నని అడ్డగీతలుంటాయి. అవి ఇంకా కనిపిస్తుంటే ఆ ఇంజన్‌కు చాలా జీవితం ఉంది. అడ్డగీతలు అరిగి నున్నగా అయ్యాయంటే వయసైంది, అంతే, అది నేరం కాదు. నిలువు గీతలు కనిపిస్తేనే ఆగాలి. వేలిగోరుకు తగలని వెంట్రుకవాసి గీత ఒకటి రెండుంటే బేరంలో ధర తగ్గించుకోవడానికి పనికొస్తాయి. గోరు చిక్కుకునే గాట్లు, అల్యూమినియం పూసినట్టు అలుముకున్న మరకలు ఉంటే ఇంజన్ ఒకసారి పట్టేసిందని అర్థం. దాన్ని ఎవరో విడిపించి మళ్లీ నడిపించారు.

గాట్లు ఎటువైపున్నాయన్నది పాత ఓనరు అలవాట్లు చెప్పేస్తుంది. పొగ బయటికెళ్లే వైపు పిస్టన్‌లో అన్నిటికన్నా వేడెక్కే భాగం. పెట్రోలు పలచబడినా, గాలి ఎక్కువైనా, ఆయిల్ చాలకపోయినా మొదట అటే కాలుతుంది. రెండు వైపులా గాట్లుండి, పిస్టన్ తల మీద ఆయిల్ తడి అన్నదే లేకుండా పొడిబారి ఉంటే ఆయిల్ కలపని పెట్రోలు పోశారేమోనని గట్టిగా అనుమానించాలి. అప్పు తెచ్చిన సీసాలో పెట్రోలు మిశ్రమమో కాదో చూడకుండా పోసేస్తే జరిగేది ఇదే. గాట్లు కాకుండా కార్బొరేటర్ వైపు గోడ మసకబారి, బూడిదరంగులో సన్నగా అరిగి ఉంటే అది దుమ్ము చేసిన పని. పొగ ద్వారంలోంచి టార్చి వేస్తే అవతలి వైపు సిలిండర్ గోడ కొంత కనిపిస్తుంది, అక్కడ వెతకాలి.

తర్వాత రింగు. ద్వారం దగ్గరికి వచ్చినప్పుడు దాన్ని అగ్గిపుల్లతో నొక్కండి. లోపలికి వెళ్లి మళ్లీ స్ప్రింగులా బయటికి రావాలి. కదలకపోతే మసి పట్టి గాడిలో ఇరుక్కుపోయింది. రింగు కిందిభాగంలో పిస్టన్ గోధుమరంగుకు కాలి ఉంటే మంట రింగును దాటి కిందికి పోతోంది. పొగ ద్వారం వైపు కాస్త కనిపించడం మామూలే, చుట్టూతా ఉంటే రింగుల పని అయిపోయినట్టు. సిలిండర్ విప్పే అవకాశం ఉంటే రింగును దాంట్లో సమంగా కూర్చోబెట్టి కొనల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవాలి. మిల్లీమీటరు దాటితే మార్చాల్సిందే. చిన్న మిషన్లలో ఈ పని తేలిక కాదు. 32, 45 సీసీ స్టిల్ మోడళ్లలో సిలిండర్ విడిగా రాదు, ఇంజన్ మొత్తం బయటికి తీయాలి. కొనేచోట ఆ పని ఎవరూ చేయనివ్వరు. కాబట్టి సైలెన్సర్ కిటికీతోనే తీర్పు చెప్పుకోవాలి.

సిలిండర్ గోడకు అంటిన అల్యూమినియాన్ని కొందరు మెకానిక్కులు హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో కరిగించి తీసేస్తారు. కింద పూత చెక్కుచెదరకుండా ఉంటే ఆ సిలిండర్ మళ్లీ పనికొస్తుంది. అదేమీ ఇంట్లో చేసే పని కాదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటొకటి ఉంది. మిషనంతా పాతది, లోపల పిస్టన్ మాత్రం తళతళలాడుతోంది. ‘‘కొత్త కిట్ వేయించాం, చూస్కో తమ్ముడూ’’ అంటాడు అమ్మేవాడు. సంతోషించకండి. పాత పిస్టన్ ఎందుకు పోయిందో అడగండి. ఆయిల్ మరిచిపోయి పోగొట్టుకున్నదైతే కొత్తది నిలుస్తుంది. క్రాంక్ ఆయిల్ సీలు గట్టిపడి గాలి పీలుస్తుంటే, ఆ సీలు మార్చకుండా పిస్టన్ ఒక్కటే మారిస్తే, ఇదీ అదే దారిన పోతుంది. పైగా చవక డూప్లికేట్ కిట్లలో సిలిండర్ ద్వారాల అంచులు నునుపు చేయకుండా వదిలేస్తారు. ఆ పదును అంచు రింగును పట్టి విరిచేస్తుంది. నా మట్టుకు నేను, కారణం చెప్పలేని కొత్త పిస్టన్ కన్నా నిజాయితీగా అరిగిన పాత పిస్టన్‌కే ఎక్కువ డబ్బిస్తాను.

చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి

మీరు వెళ్లేసరికి ఇంజన్ వెచ్చగా ఉంటే సైలెన్సర్ దగ్గర చేయి పెట్టి చూసి, చల్లారేదాకా ఆగుతానని చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావాలి. ఓ దుంగ కోశాక ఆపి, పది నిమిషాలాగి మళ్లీ లాగండి. కంప్రెషన్ తగ్గిన ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చౌక్ సాయంతో ఎలాగోలా అందుకుంటుంది. వేడెక్కాక మొండికేస్తుంది.

నడుస్తున్నప్పుడు చెవి పెట్టాల్సింది స్లో మీద. స్లో నిలకడగా ఉండాలి. దానంతటదే పెరిగి తగ్గుతుంటే, రేజ్ చేసి వదిలాక వేగం వెంటనే దిగకుండా వేలాడుతుంటే ఎక్కడో గాలి లాగుతోంది. మిషన్‌ను ఎడమకూ కుడికీ వంచి చూడండి, వంపుతో పాటు స్లో మారితే అనుమానం బలపడుతుంది. క్రాంక్ బేరింగు కోసం ఇంజన్ ఆపాక, మూత తీసి, మాగ్నెట్ చక్రాన్ని పైకీ కిందికీ కదపండి. లొడలొడలాడకూడదు.

బరువు లేకుండా పూర్తి రేజింగ్‌లో ఇంజన్ సన్నగా కీచుమంటూ అరుస్తుంటే అది బాగున్నట్టు కాదు. సరిగా ట్యూన్ చేసిన చైన్‌సా ఖాళీగా రేజ్ చేసినప్పుడు కాస్త గరగరలాడుతుంది, చెక్కలో దిగాక ఆ గరగర పోయి గొంతు శుభ్రపడుతుంది. అమ్మే ముందు హుషారుగా వినిపించాలని కార్బొరేటర్ స్క్రూ బిగించి పెట్రోలు తగ్గించేవాళ్లున్నారు. ఆ హుషారుకు మూల్యం పిస్టన్ చెల్లిస్తుంది.

ఈ మధ్య ఇంకో చిక్కు వచ్చిపడింది. ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. పాత పెట్రోలుకు సరిచేసి వదిలేసిన కార్బొరేటర్‌కు దీంతో మిశ్రమం ఇంకాస్త పలచబడుతుంది. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. వానాకాలమంతా మూలన పడున్న మిషన్ ట్యాంకులో నీళ్లూ ఇథనాల్ కలిసి అడుక్కి దిగుతాయి, ఆయిల్ కలిసిన పెట్రోలు పైన తేలుతుంది. ఇంజన్ పీల్చేది అడుగునుంచే. కాబట్టి ‘ఇంట్లోనే పడుంది’ అన్న మాట ఇప్పుడు గుణం కాదు, లోపం. అలాంటి మిషన్ దొరికితే ట్యాంకు ఖాళీ చేసి, కొత్తగా కలిపిన పెట్రోలు పోసి, పెట్రోలు ట్యూబు గట్టిపడిందేమో నలిపి చూసి, ఆ తర్వాతే తాడు లాగండి.

బేరానికి వెళ్లేముందు మీ ఊరి దగ్గరి షాపులో ఆ మోడల్‌కు ఒరిజినల్ సిలిండర్-పిస్టన్ కిట్ ధర, మజూరీ కనుక్కుని వెళ్లండి. లోపల గాట్లు కనిపిస్తే ఆ మొత్తం ధరలోంచి తీసేయండి. తీసేశాక మిగిలేది ఏమీ లేకపోతే ఆ మిషన్ విడిభాగాల కింద కొనడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఇంజన్ ఎంత బాగున్నా చైన్ బ్రేకు పట్టకపోతే, అది బాగయ్యేదాకా దాంతో ఒక్క కొమ్మ కూడా కోయొద్దు.

‘‘అన్నా, ఒకసారి సైలెన్సర్ విప్పి చూస్తాను’’ అని అడగండి. ‘‘చూస్కో’’ అంటే బేరం మొదలుపెట్టండి. ‘‘నమ్మకం లేదా?’’ అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.